బెంగళూరుకు రెండు వానకారులు: రాగి చేను, శనక్కాయల పరిషె, చెరువు మరువ

బెంగళూరు వానను అర్థం చేసుకోవాలంటే ముందుగా కోస్తా లెక్కను పక్కన పెట్టాలి. జూన్‌లో తొలకరి, జులై, ఆగస్టుల్లో జోరు, సెప్టెంబరు ఆఖరుకు తగ్గుముఖం: కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాళ్ళకు అలవాటైన వరస ఇది. బెంగళూరు చుట్టుపక్కల వాన ఏడాదిలో రెండుసార్లు పొంగుతుంది. ఏప్రిల్ ఆఖరున మొదలయ్యే సాయంకాలపు ఉరుముల వానలు మేలో 110 నుంచి 130 మిల్లీమీటర్ల దాకా కురుస్తాయి. రుతుపవనాలు వచ్చాక కూడా జూన్, జులైల్లో నెలకు 110 అటూఇటూగానే ఉంటుంది. ఆగస్టులో పుంజుకుని, సెప్టెంబరులో 200 దాకా వెళుతుంది. అక్టోబరులో కూడా పెద్దగా తగ్గదు. ఏడాది మొత్తం కలిపితే 950 నుంచి 1,000 మిల్లీమీటర్లు.

కారణం భూమి ఎత్తులో, గాలి దిశలో ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, పడమటి కనుమలకు తూర్పున ఉంది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలి తన నీళ్ళలో ఎక్కువ భాగం కనుమల అవతలే దించేసి వస్తుంది. అందుకే జూన్, జులైల్లో ఇక్కడ ఆకాశం నిండా మబ్బు, రివ్వున గాలి, మధ్యమధ్య ముసురు. పెద్ద వాన మాత్రం తక్కువ. సెప్టెంబరులో ఆ గాలి వేగం తగ్గుతుంది. పగటి ఎండకు నేల వేడెక్కి, సాయంత్రానికి మబ్బు నిలువుగా లేచి, రాత్రి కుండపోతగా కురుస్తుంది. అక్టోబరులో గాలి దిశ మారి బంగాళాఖాతం వైపు నుంచి వీస్తుంది, వాయుగుండాల వానలు తోడవుతాయి.

‘ఈ ఏడాది సగటు వాన పడింది’ అన్న మాట ఈ ప్రాంతపు రైతుకు ఎందుకూ పనికిరాదు. 950 మిల్లీమీటర్లు పడిన ఏడాదే రాగి ఎండిపోయి, శనక్కాయ (వేరుశనగ) భూమిలోనే మొలకెత్తి, చెరువు నిండి మరువ (అలుగు) పారడం అన్నీ జరగవచ్చు. ఏ పక్షంలో పడింది, దానికి ముందు ఎన్నాళ్ళు వాన లేని వరపు పట్టింది అన్నదాన్ని బట్టే ఇక్కడి పంట, పండుగ, సంత, వంట నడుస్తాయి.

కార్తెల లెక్క ఇక్కడ ఎలా సరిపోతుంది

కోలారు, ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి వైపు తెలుగు రైతులు కార్తె పేరుతోనే వానను లెక్కపెడతారు. కన్నడ రైతులవీ అవే నక్షత్రాలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు కాబట్టి తేదీలు ఏటా ఒకటి రెండు రోజులు మించి కదలవు. మృగశిర జూన్ 8 ప్రాంతం, పునర్వసు జులై 6, పుష్యమి జులై 20, మఖ ఆగస్టు 17, పుబ్బ ఆగస్టు 30, ఉత్తర సెప్టెంబరు 13, హస్త సెప్టెంబరు 27, చిత్త అక్టోబరు 10, స్వాతి అక్టోబరు 24.

రోహిణిలో రోళ్ళు పగులుతాయన్న సామెత కోస్తాకు, తెలంగాణకు అతికినట్టు బెంగళూరుకు అతకదు. మే 25 నాటికి ఇక్కడ నాలుగైదు మంచి వానలు పడి, దుక్కి అయిపోయి ఉంటుంది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నది మాత్రం ఈ నేలను చూసి చెప్పినట్టే ఉంటుంది. ఉత్తరలో వాన లేకపోతే గంప ఎత్తుకుని వలస పోవడమే గతి అని దాని భావం. అంత కఠినంగా ఎందుకు చెప్పారో రాగి పంట రోజులు లెక్కపెడితే తెలుస్తుంది.

రాగి: 110 రోజుల పంట, 20 రోజుల గండం

దేశంలో రాగి ఎక్కువగా పండించే రాష్ట్రం కర్ణాటక. అందులో బెంగళూరు చుట్టుపక్కల ఎర్రనేలలది పెద్ద వాటా. మే వానకు నేలను లోతుగా దున్నుతారు. ఎకరాకు మూడు నాలుగు టన్నుల పశువుల ఎరువు చల్లి, కలుపు మొలిచాక మళ్ళీ గుంటక తోలుతారు. విత్తడం పునర్వసు, పుష్యమిల్లో. అప్పటికి 25, 30 మిల్లీమీటర్ల వాన ఒక్కసారిగా పడి, నేల జానెడు లోతు తడవాలి. మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, వేలితో తడితే విడిపోవాలి. అదే పదును. గొర్రుతో సాలుకూ సాలుకూ అడుగు ఎడం పెట్టి విత్తితే ఎకరాకు నాలుగు కిలోల విత్తనం సరిపోతుంది. రాగి గింజ చాలా చిన్నది, అంగుళం లోతు దాటితే పైకి రాలేదు. విత్తిన మర్నాడే గట్టి వాన పడి, వెంటనే ఎండ కాస్తే ఎర్రనేల పైన పొర బిగుస్తుంది. మొలక దాని కిందే వంకర తిరిగి చచ్చిపోతుంది. అందుకే పెద్ద రైతులు, చిన్న రైతులు అన్న తేడా లేకుండా ఆ పొర మీద ముళ్ళకంప లాగి చిట్లగొట్టే అలవాటు వచ్చింది.

జీపీయూ 28 వంటి 110 రోజుల రకాన్ని జులై 10న విత్తారనుకుందాం. ఆగస్టు మొదటి, రెండు వారాల్లో పిలకలు వేస్తుంది. సెప్టెంబరు 15, 20 మధ్య పూత, అంటే సరిగ్గా ఉత్తర. అక్టోబరు మూడో వారం దాకా గింజ పాలు పోసుకుని గట్టిపడుతుంది. నవంబరు మొదట్లో కోత. ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ వాన పడే పక్షాల్లో పూతా గింజా పడేలా, ఎండ తిరిగిన పక్షంలో కోత వచ్చేలా కూర్చిన లెక్క ఇది. జూన్‌లోనే తొందరపడి 110 రోజుల రకం విత్తితే, గింజ పక్వానికి వచ్చే వేళకు హస్త, చిత్త వానలు మీద పడతాయి. పైరు పడిపోతుంది, తడిసిన వెన్నులోనే గింజ మొలకెత్తుతుంది. 120 రోజులు దాటే రకాలకైతే జూన్ ఆఖరు సరిపోతుంది.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా మఖ, పుబ్బల దగ్గర. ఎర్రనేల నీళ్ళు పట్టి ఉంచే శక్తి తక్కువ. పిలక దశలో పది, పన్నెండు రోజుల వరపును రాగి తట్టుకుంటుంది, ఆకు ముడుచుకుని వానకు ఎదురు చూస్తుంది. వరపు మూడో వారంలోకి వెళితే పిలకలు ఆగిపోతాయి, ఆ తరవాత ఎంత కురిసినా వెన్నుల సంఖ్య పెరగదు. ‘మఖ పుబ్బ వరపైతే మహా కరువు’ అని తెలుగువాళ్ళు చెప్పుకునేది ఈ దశ గురించే. ఆ రోజుల్లో రెండో విడత యూరియా చల్లడం చాలామంది చేసే తప్పు. తడి లేని నేల మీద అది మొక్కకు అందదు, కొంత గాలిలో కలిసిపోతుంది. వాన పడిన మర్నాడు, 30 రోజుల పైరుకు గుంటక తోలి వేస్తేనే ఆ డబ్బుకు ఫలితం ఉంటుంది.

వాన కోసం చేసే తంతులు కూడా ఈ వరపులోనే వస్తాయి. కన్నడ పల్లెల్లో పిల్లలు మళెరాయ అనే మట్టి బొమ్మను పలక మీద పెట్టి, నెత్తిన మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటివాళ్ళు బొమ్మ మీద నీళ్ళు కుమ్మరించి పిండో బియ్యమో పెడతారు. తెలుగు ఊళ్ళలో రోకలికి కప్పను కట్టి తిప్పే కప్పతల్లి ఆట ఇదే వరసలోది. విరాటపర్వం చదివిస్తే వాన పడుతుందన్న నమ్మకం తెలుగువాళ్ళలో చాలా పాతది. పోగుచేసిన పిండీ బియ్యమూ ఊరంతటికీ వండి పెట్టడం వీటిలో చాలావాటికి ముగింపు. పనుల్లేని, గాదెలు అడుగంటిన పక్షంలో అందరికీ ఒక పూట కడుపు నిండే ఏర్పాటు అది. ఆ కోణంలో చూస్తే ఈ తంతుల విలువ వాన పడిందా లేదా అన్నదానితో తేలదు.

వాన ఆలస్యమై ఆగస్టు నడిమి దాకా విత్తనమే పడకపోతే, పొడవు రకాలు వదిలేసి 95, 100 రోజుల రకాలకు మారాలి. అప్పుడు కూడా 110 రోజుల రకమే విత్తితే నవంబరు చలిలో గింజ నింపుకోవడం మందగిస్తుంది. పూత వేళ చల్లని రాత్రులు, ఆగని ముసురు కలిస్తే అగ్గితెగులు వెన్ను మెడకు తగులుతుంది. మెడ నల్లబడి విరుగుతుంది, వెన్ను నిండా తాలు. దీన్ని తట్టుకునే గుణం వల్లనే జీపీయూ 28 ఇంతగా పాకింది. అంతకు ముందు 1970లు, 80ల్లో మండ్య వి.సి.ఫారం పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త లక్ష్మణయ్య భారత, ఆఫ్రికా రకాలను కలిపి తీసిన ఇండాఫ్ రకాలు ఇక్కడి రాగి దిగుబడిని ఎత్తుకు తీసుకెళ్ళాయి. రాగి సంగటి తినే ప్రతి ఇల్లూ ఆ మనిషికి రుణపడి ఉంది.

కోశాక పనలను మూడు నాలుగు రోజులు చేలోనే ఆరబెట్టి, వెన్నులు లోపలికి ఉండేలా వామి వేస్తారు. పైన వాలుగా గడ్డి కప్పితే నవంబరు జల్లు జారిపోతుంది. నెలకు పైగా వామిలో మగ్గిన వెన్ను కళ్ళంలో తేలిగ్గా రాలుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ ఓపిక లేక తారు రోడ్డు మీద పరిచి బండ్ల చక్రాలతో నూర్పిస్తున్నారు. రాళ్ళు, మట్టి, నూనె మరకలు గింజలో కలుస్తాయి, ద్విచక్ర వాహనాలు జారి మనుషులు పడుతున్నారు. బాగా ఎండిన రాగిని పాతరలో పోసి మూత మట్టితో మెత్తితే ఏళ్ళ తరబడి పురుగు పట్టదు. తరచూ ఉత్తర తప్పే నేలలో బతుకు నిలబడింది ఈ పాతర వల్లనే.

సాళ్ళ మధ్య కలిపి విత్తే పంటలు మరొక భద్రత. ఎనిమిది సాళ్ళ రాగికి రెండు సాళ్ళ కంది, లేదా ఒక సాలు అనప (చిక్కుడు జాతి పప్పుధాన్యం). రాగి వేరు పైపొరలో ఉంటుంది, కంది వేరు లోతుకు దిగి రాగి వాడుకోని అక్టోబరు తడిని అందుకుంటుంది. రాగి పోయిన ఏడాది కూడా కంది కొంత చేతికొస్తుంది. మే వానను వృథా చేయకుండా అప్పుడే అలసంద విత్తి, జులై ఆఖరుకు కోసుకుని, ఆగస్టులో మూడు వారాల రాగి నారు నాటే పద్ధతిని బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేసింది. రెండు వానలకు రెండు పంటలు అన్నమాట. కూలీలు దొరక్క నాట్లు తగ్గిపోవడంతో ఇది అనుకున్నంతగా పాకలేదు.

కార్తీకంలో శనక్కాయ, పుష్యంలో అనపకాయ

బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి దగ్గర కార్తీక మాసం ఆఖరి సోమవారం కడలెకాయి పరిషె, అంటే శనక్కాయల జాతర, జరుగుతుంది. సుంకేనహళ్ళి, మావళ్ళి, గవిపుర, దాసరహళ్ళి రైతుల శనక్కాయ చేలను ఒక ఎద్దు రాత్రిళ్ళు మేసేదని, దాన్ని శాంతింపజేయడానికి తొలి పంట సమర్పించడం మొదలైందని స్థల కథ. ఆ ఊళ్ళు ఇప్పుడు నగరంలో పేటల పేర్లు. కాయలు మాత్రం కోలారు, చింతామణి, శ్రీనివాసపుర, మాగడి వైపు నుంచి, ఆంధ్ర, తమిళ సరిహద్దు ఊళ్ళ నుంచి లారీల్లో వస్తాయి. రోడ్డు పొడవునా కుప్పలు పోసి సేర్ల లెక్కన కొలిచి అమ్ముతారు. బేరం సగం తెలుగులోనే నడుస్తుంది.

ఆ తేదీ వెనక కూడా వాన లెక్కే ఉంది. జూన్ ఆఖరు నుంచి జులై మూడో వారంలోపు విత్తిన శనక్కాయ 105, 110 రోజులకు, అంటే అక్టోబరు నడిమి నుంచి నవంబరు మొదటి వారంలోపు తీతకు వస్తుంది. మూడు వారాలు ఆరితే కాయ ఊపితే గింజ గలగలమంటుంది. సరిగ్గా అప్పటికి కార్తీకం ఆఖరవుతుంది. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళ, విత్తిన 35, 40 రోజులకు, ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయాలి. ఆ వారాల్లో నేల గట్టిపడితే ఊడ దిగక గాలిలోనే ఎండిపోతుంది. దిగినా వరపు పడితే తాలు కాయలు. ఇక తీత వేళ జడివాన పట్టిందంటే నేల మీద పాకకుండా గుబురుగా పెరిగే గుత్తి రకాలకు పెద్ద దెబ్బ. వాటి గింజకు నిద్రావస్థ లేదు, పక్వమైన కాయ తడి నేలలో నాలుగైదు రోజులు అదనంగా ఉంటే అక్కడే మొలకెత్తుతుంది. పరిషెలో కాయ చిన్నగా, ధర ఎక్కువగా ఉన్న ఏడాది ఏమైందో వెనక్కి లెక్కపెట్టుకోవచ్చు. ఆగస్టు వరపు అయితే తాలు ఎక్కువ, అక్టోబరు ముసురు అయితే గింజ మీద నల్ల మచ్చ. మచ్చపడిన, బూజు వాసన వేసే కాయలో విషపదార్థం ఉండే ప్రమాదం ఉంది కాబట్టి అది ఎంత చవకైనా కొనకూడదు.

అనపకాయది మరో పద్ధతి. పాత నాటు రకాలు పగటి పొద్దు తగ్గితేనే పూస్తాయి. నవంబరులో పూసి, డిసెంబరు, జనవరిల్లో కాయ నింపుతాయి. అప్పటికి వానలు ఆగిపోయి ఉంటాయి. నేలలో మిగిలిన అక్టోబరు తడి, రాత్రి మంచు, ఇవే దానికి ఆధారం. మంచు బాగా కురిసిన చలిలో కాయ తొక్క మీద జిగురు నూనె ఊరి ఘాటు వాసన వస్తుంది. దాన్ని కన్నడంలో సొగడు అంటారు. గింజలను రాత్రి నానబెట్టి పొద్దున తోలు పిండి తీసిన పితికిపప్పు చారుతో సంగటి తినడం కోలారు, చిత్తూరు ఇళ్ళలో సంక్రాంతి వంట. బెంగళూరు వి.వి.పురం వైపు చలికాలంలో జరిగే అవరెబేళె (అనపపప్పు) మేళా ఆ రుచి మీదే నిలిచింది. పొద్దుతో పని లేకుండా ఎప్పుడు విత్తినా కాసే హెబ్బాళ అవరె రకాలు వచ్చాక ఏడాది పొడవునా కాయ దొరుకుతోంది. దిగుబడి ఎక్కువ, పంట కాలం తక్కువ, రైతుకు మేలే. ఆ ఘాటు మాత్రం వాటిలో తక్కువ.

చెరువు ఎప్పుడు నిండుతుంది

బెంగళూరుకు జీవనది లేదు. నగరం ఒక గట్టు మీద ఉంది. గట్టుకు పడమట పడిన వాన వృషభావతి, అర్కావతుల మీదుగా కావేరికి, తూర్పున పడింది కోరమంగళ–చల్లఘట్ట, హెబ్బాళ లోయల మీదుగా దక్షిణ పినాకినికి చేరుతుంది. ఉత్తరాన నంది కొండల్లో పుట్టే ఉత్తర పినాకినే నెల్లూరు మీదుగా సముద్రంలో కలిసే పెన్న. ఈ వాలుల వెంట ఒక చెరువు మరువ నీళ్ళు కింది చెరువుకు చేరేలా గొలుసుగా కట్టారు. కట్ట, తూము, మరువ, కాలువ: నాలుగింటిలో ఏ ఒక్కటి చెడినా గొలుసంతా చెడుతుంది.

మే వాన చెరువును నింపదు. ఎండిన నేల ఆ నీళ్ళు తాగేస్తుంది. ఆగస్టు ముసురుకు నేల తడిసి నిండాక, సెప్టెంబరు, అక్టోబరు రాత్రి వానలే వాగై పారుతాయి. కాబట్టి మరువ పారడం హస్త నుంచి స్వాతి దాకా జరిగే సంగతి. గంగపూజ, చేటలో పసుపు కుంకుమ గాజులు పెట్టి నీళ్ళలో వదిలే బాగిన, తెప్పోత్సవం ఆ రోజుల్లో వస్తాయి. ఆ తరవాత లెక్కలు. తూము దగ్గర మెట్లెన్ని మునిగాయో చూసి ఆయకట్టులో ఏ పంట, ఎన్ని ఎకరాలు అన్నది పెద్దలూ, నీళ్ళు పంచే నీరుగంటీ నిర్ణయించేవారు. ఎకరా వరికి నాలుగైదు వేల ఘనమీటర్ల నీళ్ళు కావాలి, రాగికి దానిలో మూడో వంతు చాలు. చెరువు సగమే నిండిన ఏడాది వరి అడిగిన వాళ్ళను కాదని అందరికీ రాగికి నీళ్ళు పంచడం నీరుగంటి పనిలో అన్నిటికన్నా కష్టమైనది. గొట్టపు బావులు వచ్చాక ఎవరి నీళ్ళు వాళ్ళవయ్యాయి, ఆ మాట చెల్లే చోటు పోయింది. కోలారులో బోరు వెయ్యి అడుగులు దాటింది.

2021 నవంబరు వానలను రెండు వైపుల నుంచీ చూడాలి. కోతకొచ్చిన రాగి నేలకొరిగి, పనలు చేలోనే మొలకెత్తాయి. అదే వానకు కోలారు, చిక్కబళ్ళాపురం వైపు ఏళ్ళుగా ఎండిన చెరువులు మరువ పారాయి, జనం పూజలు చేశారు. మెట్ట రైతుకు నష్టం, ఆయకట్టు రైతుకు లాభం ఒకే పక్షంలో, ఒకే ఊళ్ళో జరిగాయి. పంట నష్ట పరిహారం లెక్కించేటప్పుడు తాలూకా మొత్తాన్ని ఒకే వానగా చూస్తే మెట్ట రైతు మాట వినబడదు.

నగరంలో చెడింది కాలువ. చదరపు కిలోమీటరు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 కోట్ల లీటర్లు. చేలున్నప్పుడు అందులో ఎక్కువ భాగం అక్కడే ఇంకేది, ఇప్పుడు సిమెంటు మీద పదింట ఎనిమిది తొమ్మిది వంతులు పరుగెత్తుతుంది. రాజకాలువలు (వాననీటి పెద్ద కాలువలు) ఇరుకై, కొన్నిచోట్ల కట్టడాల కిందికి పోయాయి. 2022 సెప్టెంబరు మొదటి వారంలో ఒక్క రాత్రిలో 130 మిల్లీమీటర్ల పైన కురిసినప్పుడు బెళ్ళందూరు, వర్తూరు వైపు కాలనీల్లో పడవలు తిరిగాయి. రెండేళ్ళు తిరక్కుండానే, 2024 వేసవిలో, అదే వైపు ట్యాంకర్ల కోసం జనం బారులు తీరారు. వరదకూ కరువుకూ ఉమ్మడి కారణం ఒకటుంది: రెండో వాన నిలవాల్సిన చోటు లేదు.

2018 నుంచి కోరమంగళ–చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. బావుల్లో నీళ్ళు పైకి వచ్చిన మాట నిజం. శుద్ధి రెండో దశతోనే ఆగుతున్నందువల్ల ఆ చెరువుల కింది తాగునీటి బావులకు క్రమం తప్పని పరీక్షలు ఉండి తీరాలి.

ఇంటి స్థాయిలో చేయగలిగింది స్పష్టంగా ఉంది. 2009 నుంచి నగరంలో 2,400 చదరపు అడుగులు, ఆ పైన స్థలంలోని పాత కట్టడాలకు, 1,200 చదరపు అడుగులు, ఆ పైన స్థలంలోని కొత్త కట్టడాలకు వాననీటి ఏర్పాటు తప్పనిసరి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పడే వానలో వృథా పోను ఏడాదికి సుమారు 75 వేల లీటర్లు చేతికొస్తాయి, 50 మిల్లీమీటర్ల ఒక్క వానకు సుమారు నాలుగు వేలు. మూడు అడుగుల వ్యాసం, 20 అడుగుల లోతు ఇంకుడు బావి పట్టేది కూడా నాలుగు వేల లీటర్లే. ఇక్కడ ఈ బావులు తవ్వేవాళ్ళు మన్ను వడ్డర్లు, తరాలుగా చెరువు కట్టలు, బావులు తవ్విన తెలుగు మాట్లాడే కులం. సిమెంటు ఉంగరాలు ఒకదాని మీద ఒకటి దించుతూ, వాటి మధ్య సందులకు సిమెంటు పూయకుండా వదిలి, చుట్టూ కంకర పోస్తారు. ఆ సందుల గుండానే నీరు పక్కలకు ఇంకుతుంది. అందంగా ఉంటుందని సందులు పూడ్పించుకున్న యజమానికి మిగిలేది తొట్టి. కప్పు మీది తొలి వాన మురికిని బయటికి వదిలే గొట్టం లేకపోతే రెండేళ్ళలో అడుగున ఒండ్రు పేరుకుని ఇంకుడు ఆగిపోతుంది. వడపోత తొట్టిలోని ఇసుక, కంకర తీసి కడగడం ఏడాదికి రెండుసార్లు కావాలి: ఏప్రిల్ ఆఖరున భరణిలో ఒకసారి, ఉత్తర వానలు రాకముందు మఖలో ఒకసారి.